రెండో హత్య

దోస్తొయెవ్‌స్కీ ‘నేరము–శిక్ష’ నవలలో జరిగిన హత్యలు ఎన్ని?

చిక్కడపల్లిలో ఒక స్నేహితుడి మేడ మీది గదిలో నెలకోసారి కలిసి పాత నవలలు చదువుకునేవాళ్లం పన్నెండు మందిమి ఉన్నాం. పోయిన నెల ఈ ప్రశ్న నేనే వేశాను. అందరూ పుస్తకం పూర్తిచేసి, కొందరైతే పేజీల మధ్య కాగితం ముక్కలు పెట్టుకుని మరీ వచ్చారు. ఏడుగురు తడుముకోకుండా ‘ఒకటి’ అన్నారు. తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే ముసలామె, అల్యోనా ఇవానొవ్నా. ఇద్దరు కాసేపాగి ‘రెండు కదూ’ అన్నారు. ఒకావిడ ప్రశ్నలో ఏదో మెలిక ఉందని అనుమానించి జవాబే చెప్పలేదు. సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేసే మిత్రుడు మాత్రం చాయ్ కప్పులోంచి తల ఎత్తకుండానే ‘రెండు’ అన్నాడు. శవాల లెక్కలో వకీళ్లు పొరపడరు.

రెండోది లిజవేత. ముసలామెకు సవతి చెల్లెలు. పొడగరి, బెరుకు మనిషి, అక్క చేతి దెబ్బలు తింటూ రాత్రింబగళ్లు చాకిరీ చేసేది. నవల నాయకుడు, ఆ హంతకుడు, రాస్కల్నికోవ్ అన్నీ లెక్కవేసుకున్నవాడు. తన గది గుమ్మం నుంచి ముసలామె ఇంటికి సరిగ్గా 730 అడుగులని కూడా లెక్కపెట్టి పెట్టుకున్నాడు. ఫలానా సాయంత్రం ఏడు గంటలకు లిజవేత ఇంట్లో ఉండదని సంతలో చెవినబడింది, అదే అదనుగా వెళ్లాడు. ఆమె ముందే తిరిగొచ్చింది. లోపల అక్క శవం, గొడ్డలి పట్టుకున్న మనిషి. ఆమె అరవలేదు. చేతులతో ముఖం కప్పుకోనూ లేదు. ఎడమ చెయ్యి ఒక్కటే కొద్దిగా పైకెత్తి, దగ్గరికి రావద్దన్నట్టు మెల్లగా ముందుకు చాపింది. అంతే.

మా ఏడుగురు ఆ చేతిని ఎలా మరిచిపోయారు? పరాకుగా చదివారని నేను అనను. ఒక రకంగా వాళ్లే శ్రద్ధగా చదివారు. ఎందుకంటే లిజవేతను అందరికంటే ముందు మరిచిపోయినవాడు రాస్కల్నికోవ్. నవల సగానికి వచ్చాక అతనికే వింతగా తోస్తుంది, తను ఆమె గురించి దాదాపు ఆలోచించడమే లేదని, ఆమెను చంపిందే లేదన్నట్టు ఉన్నానని. అన్ని వందల పేజీల పాటు మనం అతని తలలో కాపురం ఉన్నాం. అతను తలచుకున్నదే తలచుకున్నాం, అతను దాటేసినదాన్ని దాటేశాం.

గొప్ప నవలల గురించి రాసేవాళ్లు ‘మానసిక లోతు’, ‘నైతిక లోతు’ అనే మాటలు తరచు వాడతారు. వాడినంత తరచుగా విప్పి చెప్పరు. మొదటిది మనస్తత్వ శాస్త్రానికి, రెండోది నీతిశాస్త్రానికి అప్పగించి చేతులు దులుపుకుంటారు. నాకు మాత్రం ఆ రెండూ ఒకే చోట, ఆ మరపులో, కలుస్తాయని అనిపిస్తుంది.

ముందు మానసిక లోతు సంగతి. ఆ మాట వినగానే తోచేది, పాత్ర తనలో తాను బాగా మాట్లాడుకోవడం. స్వగతం ఎంత సాగితే అంత లోతని లెక్క. గిలక ఎంత కిర్రుమన్నా నుయ్యి లోతు తెలియదు కదా. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు తెలుగు నవలలో అందరికంటే ఎక్కువగా తనను తాను తవ్వుకున్న మనుషుల్లో ఒకడు. ఆ తవ్వకం వల్ల అతనికి ఒరిగింది ఏమీ లేదు. ఎంత విశ్లేషించుకుంటే అంతగా తన నుంచి తాను తప్పించుకుంటాడు. ఆ నవల బలం అతని విశ్లేషణల్లో ఉందని నేననుకోను. అవి ఎందుకూ కొరగావని మనకు కనబడుతూ, అతనికి కనబడకపోవడంలో ఉంది.

లోతంటే మనిషి తనకు తాను చెప్పుకునేదానికీ, పేజీ మనకు చూపించేదానికీ మధ్య ఉన్న ఎడం. స్వగతం ఒక్క ముక్క లేకుండా కూడా ఆ ఎడాన్ని చూపించవచ్చు. ‘నేరము–శిక్ష’ రెండో భాగంలో ఒక చోటుంది. హత్యలయ్యాక రాస్కల్నికోవ్ జ్వరంతో మంచాన పడి ఉన్నాడు. గదిలో స్నేహితుడు రజుమీహిన్, డాక్టరు జోసిమోవ్ ఆ హత్యల గురించే మాట్లాడుకుంటున్నారు. పనిమనిషి నస్తాస్యా ఉన్నట్టుండి అతని వైపు తిరిగి, లిజవేతను కూడా చంపేశారు అంటుంది. ఏ లిజవేత? పాత బట్టలు అమ్మే లిజవేత, ఇక్కడికి వస్తుండేది కదా, నీ చొక్కా కూడా ఒకసారి బాగుచేసి పెట్టింది. అతను గోడవైపు తిరుగుతాడు. గోడకు అంటించిన మాసిన పసుపు కాగితం మీద వంకరటింకర తెల్లపువ్వు ఒకటి ఉంది. దానికి ఎన్ని రేకులు, రేకుల అంచున ఎన్ని నొక్కులు, రేకు మీద ఎన్ని గీతలు అని చూస్తూ ఉండిపోతాడు.

గుండె గుభేలుమందనీ, పశ్చాత్తాపం దహించిందనీ అక్కడ రాసి లేదు. రేకుల లెక్క మాత్రమే ఉంది. 730 అడుగులు లెక్కపెట్టిన బుర్రే ఇప్పుడు రేకులు లెక్కపెడుతోంది. అతనికి లెక్కలు చేతనవును, కానీ చొక్కా కుట్టిపెట్టిన మనిషి ఏ లెక్కలోనూ పట్టదు. హత్యకు ముందు హోటల్లో ఒక విద్యార్థి ఒక అధికారితో చేసిన వాదన అతను వింటాడు: ఎవరికీ పనికిరాని పిసినారి ముసలిదాన్ని చంపి ఆ డబ్బుతో వేలమందిని ఉద్ధరించవచ్చు కదా, ఒక చావుకు బదులు వంద బతుకులు, ఇది లెక్కే కదా అని. ఆ లెక్కలో ముసలామె ఉంది. లిజవేత కూడా ఆ సంభాషణలోనే ఉంది, ముసలామె హింసించే అమాయకురాలిగా, జాలి పుట్టించే ఉదాహరణగా. అంటే ఎవరిని కాపాడే పేరుతో సిద్ధాంతం లేచిందో ఆ మనిషి మీదే రెండో వేటు పడింది. దీన్ని రచయిత ఎక్కడా విడమర్చి చెప్పడు. విడివిడిగా పెట్టిన ముక్కలను మనం కలుపుకోవాలి, లేదా మా ఏడుగురిలా వదిలేసుకోవాలి.

అతని స్వగతాలు కూడా నిజానికి అతని సొంతం కావు. ఈ సంగతి ముందుగా గట్టిగా చెప్పినవాడు రష్యన్ విమర్శకుడు మిఖయిల్ బఖ్తిన్. దోస్తొయెవ్‌స్కీ మీద అతని పుస్తకం 1929లో వచ్చింది. ఆ ఏడాదే సోవియట్ ప్రభుత్వం అతనికి నిర్బంధ శిబిరం శిక్ష వేసి, తర్వాత దాన్ని ప్రవాసంగా మార్చింది. పుస్తకం సరిచేసిన రూపంలో మళ్లీ రావడానికి 1963 దాకా ఆగాల్సి వచ్చింది. నవల మొదట్లో రాస్కల్నికోవ్‌కు ఊరి నుంచి అమ్మ ఉత్తరం వస్తుంది. చెల్లెలు దూన్యా ఒక డబ్బున్న మనిషిని పెళ్లాడబోతోంది. అన్నయ్య కోసమే అని ఉత్తరంలో ఎక్కడా లేదు, అంతటా అదే ఉంది. అది చదివి వీధిలో నడుస్తూ అతను తనలో తాను చేసుకునే గొడవను బఖ్తిన్ వాక్యం వాక్యం విప్పి చూపించాడు. ప్రతి వాక్యంలో అమ్మ మాట ఒకటి, చెల్లెలు అనబోయే మాట ఒకటి, ఆ పెళ్లికొడుకు మాట ఒకటి. అతను వాటిని వెక్కిరిస్తూ, ఎదురు ప్రశ్నిస్తూ, మధ్యలో బతిమాలుతూ మాట్లాడతాడు. తలలో ఒక్కడూ లేడు, ఓ పంచాయితీ కూర్చుని ఉంది. ఊరి నుంచి వచ్చిన ఉత్తరం జేబులో పెట్టుకుని నగరంలో తిరిగినవాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు.

ఇక నైతిక లోతు. ఇక్కడ మనవాళ్లకు ఒక పాత జబ్బుంది. కథ కంచికి చేరగానే నీతి ఏమిటని అడుగుతాం. దానికి విరుగుడుగా వచ్చిన ఆధునిక జబ్బు మరొకటి: రచయిత తీర్పు చెప్పకూడదు, నవల అన్నాక నీతికి అతీతంగా ఉండాలి అని. రెండూ ఒకలాంటివే, రెండూ పాఠకుణ్ణి కష్టపెట్టవు. చెహోవ్ 1888లో పత్రికాధిపతి సువోరిన్‌కు రాసిన ఉత్తరంలో సమస్యను పరిష్కరించడం వేరు, సమస్యను సరిగ్గా ముందుంచడం వేరు అంటాడు. కళాకారుడి బాధ్యత రెండోదే. ఈ మాటను మొదటి సగం దాకానే తీసుకుని, రచయితకు నీతితో పని లేదని తేల్చేసేవాళ్లను చాలామందిని చూశాను. ‘సరిగ్గా’ అన్న మాటలో ఎంత నైతిక శ్రమ ఉందో వాళ్లకు పట్టదు.

భారతం విన్న జాతికి ఇది వివరించనక్కరలేదు. అశ్వత్థామ హతుడయ్యాడని పెద్దగా పలికి, ఏనుగు సంగతి గొణిగేసిన ధర్మరాజు ఆడినమాట అక్షరాలా నిజమే. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన రథం ఆ క్షణం నేలకు దిగింది. అబద్ధమాడరాదు అన్నది ఆ కథ నీతి అయితే రథం ఎందుకు? అబద్ధమాడటం రాని మనిషి నిజాన్నే అబద్ధానికి పనిముట్టుగా వాడుకున్నాడు, ఆ సంగతి లోకానికి తెలియకముందు బండిచక్రానికి తెలిసింది. ఆ తర్వాత కూడా ఆయన ధర్మరాజే. మనం ఆయన పేరు మార్చలేదు, రథాన్ని మళ్లీ పైకి లేపనూ లేదు.

నవలలో ఇదే పని మరో విధంగా చేసినవారు జార్జ్ ఎలియట్. ఆమె ‘మిడిల్‌మార్చ్’ 1871–72లో విడతలుగా వెలువడింది. డొరొతియా అనే ఆదర్శవతి అయిన యువతి తనకంటే చాలా పెద్దవాడైన, ఎండిపోయిన పండితుడు కసాబన్‌ను పెళ్లాడుతుంది. మనకు అతనంటే చిరాకు. 29వ అధ్యాయం మామూలుగానే మొదలవుతుంది, ఒకరోజు ఉదయం డొరొతియా అని. అంతలో కథ చెప్పే గొంతు వాక్యాన్ని మధ్యలో తెంపేసి తనను తానే అడుగుతుంది: ఎప్పుడూ డొరొతియాయే ఎందుకు? అక్కడి నుంచి కసాబన్ లోపలికి వెళుతుంది. అతని భయం, తన పుస్తకం ఎన్నటికీ పూర్తికాదేమోనన్న దిగులు. అతను మంచివాడైపోడు. చిరాకు కూడా పోదు. కానీ అప్పటిదాకా మనం ఎవరి కళ్లతో చూస్తున్నామో, ఎవరిని చూడటం మానేశామో తెలుస్తుంది. ఎలియట్ ఆగి అడిగింది. దోస్తొయెవ్‌స్కీ ఆగడు, ఎప్పుడూ రాస్కల్నికోవేనా అని మనంతట మనం అడుగుతామేమో అని చూస్తాడు.

ఈ ఎడాన్ని చూసి నిలవలేక చటుక్కున పూడ్చేసే అలవాటు విమర్శకు ఉంది. మా గదిలోనే చూశాను. హత్యల లెక్క తేలగానే ఒకాయన, ఇది ఎర్రగడ్డలో చూపించాల్సిన కేసు అన్నాడు. అందరం నవ్వాం. సాక్షాత్తు ఫ్రాయిడ్ చేసింది కూడా దాదాపు ఆ పనే. 1928లో దోస్తొయెవ్‌స్కీ మీద రాసిన వ్యాసంలో, సృజన అనే సమస్య ముందు మానసిక విశ్లేషణ ఆయుధాలు కింద పెట్టేయాలని మర్యాదగా ఒప్పుకుని, మరుక్షణమే ఆయుధాలు తీసుకుని రచయిత మూర్ఛలకు తండ్రి మీది పగతో ముడిపెట్టాడు. దోస్తొయెవ్‌స్కీ జీవిత చరిత్ర రాసిన జోసెఫ్ ఫ్రాంక్ ఆ తర్వాత ఆ ముళ్లను ఒక్కొక్కటే విప్పి, ఆధారాలు నిలవవని చూపించాడు. నా అభ్యంతరం ఆధారాల గురించి కూడా కాదు. రోగం పేరు తెలిశాక లిజవేత చెయ్యి మళ్లీ మాయమవుతుంది. రోగి ఒక్కడే మిగులుతాడు.

ఇంకొకాయన, రిటైర్డ్ లెక్చరర్, దారిద్ర్యమే అసలు నేరస్థుడు అన్నారు. ఇదీ పాత మాటే, చెడ్డ మాట కాదు. 1867లోనే రష్యన్ విమర్శకుడు పీసరెవ్, సిద్ధాంతాలు కావు, ఖాళీ జేబే రాస్కల్నికోవ్ చేత హత్య చేయించిందని వాదించాడు. మనకు అరసం (అభ్యుదయ రచయితల సంఘం) 1943లో, విరసం (విప్లవ రచయితల సంఘం) 1970లో పుట్టాక మనస్తత్వ నవలలను చూసే చూపులో ఈ పద్ధతి బలంగా స్థిరపడింది. పాత్ర ఎక్కువగా కుమిలిపోతే వ్యక్తివాదం, నిరాశావాదం. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి మీద ఈ నిందలు చాలానే పడ్డాయి. ఆ నిందలో కొంత నిజముంది. లోపలి గదుల్లో తిరుగుతూ వీధిని మరిచిపోయిన నవలలు మన దగ్గర తక్కువేమీ లేవు. అయితే పీసరెవ్ లెక్క ముసలామె హత్యకు సరిపోతుంది. ముసలామె దగ్గర డబ్బుంది. లిజవేత దగ్గర ఏముంది?

మూడో పద్ధతి, పాత్ర అన్నదాన్ని రచయిత నెత్తిన రుద్దడం. దీనికి చరిత్రలో దొరికే గొప్ప ఉదాహరణ సాహిత్య సభలో జరిగింది కాదు, కోర్టులో జరిగింది. ఫ్రెంచ్ నవలాకారుడు ఫ్లాబేర్ ‘మదాం బొవారీ’ 1856లో పత్రికలో ధారావాహికగా వచ్చింది. 1857 జనవరి చివర ప్యారిస్‌లో అతని మీద అనీతి కేసు విచారణకు వచ్చింది. ప్రభుత్వ న్యాయవాది ఎర్నెస్ట్ పినార్ చదివి వినిపించిన ఘట్టాల్లో ఒకటి ఇది: నాయిక ఎమ్మా తొలిసారి పరాయి మగవాడితో గడిపి వచ్చి అద్దంలో చూసుకుంటుంది. తనకు ప్రియుడున్నాడని పదేపదే అనుకుని పొంగిపోతుంది. ఇన్నాళ్లూ అందని ప్రేమానందాలు ఇక తనవి. పినార్ ఆరోపణ, ఇది వ్యభిచారానికి కీర్తన అని. చిక్కేమిటంటే ఆ పొంగు ఉన్న వాక్యాల్లో ‘అని ఆమె అనుకుంది’ అన్న ముక్క లేదు. కథ చెప్పే గొంతులోనే, ప్రథమ పురుషలోనే ఉన్నాయి. మరి ఆ వాక్యాలు ఎవరివి? రచయితవైతే అతను వ్యభిచారాన్ని పొగిడాడు. ఎమ్మావైతే ఒక అమాయకురాలి భ్రమను ఉన్నదున్నట్టు పట్టి చూపించాడు. ఫిబ్రవరి 7న కోర్టు మందలించి వదిలేసింది. అదే సంవత్సరం అదే పినార్ బోదిలేర్ కవితల మీదకు వెళ్లి అక్కడ గెలిచాడు.

ఈ వాక్యం ఎవరిది? విమర్శకు ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న నాకు తెలియదు. ఫ్రెంచివాళ్లు క్రియారూపంతో చేసే ఈ గారడీకి తెలుగులో ఒక చిన్న మాట ఉంది, దాని గురించి మన విమర్శ మాట్లాడాల్సినంత మాట్లాడలేదు. ఆ మాట ‘తను’.

ఒక గుమాస్తాను ఊహించుకోండి. సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడి అమీర్‌పేటలో బస్సు కోసం నిలబడ్డాడు. లోపలి జేబులో ఒక కవరు. ‘ఇందులో తప్పేముంది? అందరూ తీసుకునేదే. తను అడిగి తీసుకున్నాడా? పిల్ల ఫీజు కట్టడానికి పదో తేదీ ఆఖరు.’ ఇక్కడ ‘అనుకున్నాడు’ లేదు, కొటేషన్లు తీసేసినా ఇబ్బంది లేదు. క్రియ ప్రథమ పురుషలోనే ఉంది. అయినా ఒక్క ‘తను’ వల్ల మాట అతని కడుపులోంచి వస్తోందని తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ ఒక్క మాట మార్చి చూడండి: ‘అతను అడిగి తీసుకున్నాడా?’ గొంతు మారిపోయింది. టీ బండి దగ్గర అతన్ని వెనకేసుకొస్తున్న సహోద్యోగి ఎవడో వచ్చాడు. ఇంకోలా మార్చండి: ‘అతను అడిగి తీసుకోలేదట.’ ఒక్క ‘ట’తో వీధి వీధంతా వచ్చి నిలబడి పెదవి విరిచింది. జరిగిన పని ఒక్కటే, కవరు ఒక్కటే. మొదటి వాక్యంలో మనం నిందితుడితో పాటు బస్టాపులో ఉన్నాం, మూడో వాక్యంలో జనంలో ఉన్నాం. మంచి కథకుడు ఈ మూడింటి మధ్య మనల్ని చెప్పకుండా తిప్పుతాడు, మనం ఎప్పుడు ఎటు జరిగామో మనకే తెలియదు.

రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య భయం ఇలాగే మన భయమవుతుంది, అతని పిరికితనాన్ని చూసి నవ్వుకుంటూనే అతని గుమ్మం వెనక మనమూ నక్కుతాం. ‘అంపశయ్య’ 1969లో వచ్చినప్పుడు చైతన్య స్రవంతి (మనసులో పారే ఆలోచనలను పారినట్టే రాయడం) అన్న మాట మన వాళ్లకు అంత అలవాటు కాలేదు. ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి గడిపే ఒకే ఒక్క రోజు ఆ నవల. ఈ నగరంలో చదువుకున్న నాకు ఆ నవలలో గుర్తుండిపోయినది కథ కాదు. లోపలి గొంతుకు ఊరి నుంచి క్యాంపస్ దాకా ఎన్ని గొంతులు అంటుకుని ఉంటాయో అది. బఖ్తిన్ చెప్పిన పంచాయితీ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూడా జరుగుతుంది.

చలం ‘మైదానం’ ఇంకో రకం. 1927 నాటి ఆ నవలలో రాజేశ్వరి తన కథ తానే చెబుతుంది. లాయరు భర్తను వదిలి అమీరుతో వెళ్లిపోయిన ఆమె చేసింది ఒప్పా తప్పా అని దాదాపు వందేళ్లుగా వాదిస్తున్నాం. వాదించేవాళ్లలో రెండు పక్షాలవారూ పినార్ చేసిన పొరపాటే చేస్తారు. రాజేశ్వరి మాటలన్నీ చలం మాటలే అనుకుని, ఒకరు ఆయన్ను తిడతారు, ఒకరు దండం పెడతారు. ఆమె ఏం చెబుతోంది, చెబుతూ చెబుతూ దేన్ని దాటేస్తోంది, ఎక్కడ అవసరానికి మించి గట్టిగా మాట్లాడుతోంది అని చూసేవారు తక్కువ. ‘నేను’ అని చెప్పే గొంతు నమ్మదగినదా కాదా అన్న ప్రశ్న వేయగానే స్త్రీ స్వేచ్ఛకు అన్యాయం జరిగిపోతుందని భయం కాబోలు. జరగదు. ఆమె వాదన గెలవాలంటే ఆమె దేవత కానవసరం లేదు.

పాఠకుణ్ణే జనంలో కూర్చోబెట్టిన తెలుగు కథ ఒకటి చెప్పమంటే నేను కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ అంటాను. సుందరపాలెంలో పంచాయితీ. అప్పల్రాముడు గోపన్నకు అప్పు తీర్చాలి. మధ్యవర్తి శ్రీరాములు నాయుడు దుర్మార్గుడేమీ కాదు, గాంధేయవాది, పెద్దమనిషి, ఊరి బాగు కోరేవాడు. ఆయన వాదనను రచయిత ఎక్కడా బలహీనం చేయడు. అప్పు అప్పే, మాట మాటే, ధర్మం అందరికీ ఒకటే. చదువుతూ మనం తల ఊపుతాం. నేను ఊపాను. ఉన్న భూమి అమ్మి ఇవ్వడానికి అప్పల్రాముడు ఒప్పుకుంటాడు. ఇక ఆ ఇంటికి కూలి బతుకే మిగిలింది. తన బిడ్డ కూడా ఆ బతుకే బతకడం భరించలేక అతని కొడుకు సీతారాముడు ఆ పసివాణ్ణి చంపేస్తాడు.

ఆ ముగింపు నమ్మేలా ఉందా, ఏ తండ్రైనా అలా చేస్తాడా అని విమర్శకులు ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. సీతారాముడి మనసులోకి రచయిత ముందు నుంచీ తీసుకెళ్లలేదు కాబట్టి అది హఠాత్తుగా ఉందన్న ఫిర్యాదు సబబే. కానీ ఆ హఠాత్తు ఎవరికి? పంచాయితీలో ఎవరూ సీతారాముణ్ణి అడగలేదు. మనమూ అడగలేదు. న్యాయంగా జరుగుతోందనుకున్న వాదన వింటూ ఉండిపోయాం. మనస్తత్వ చిత్రణ లేకపోవడమే అక్కడ మనస్తత్వ చిత్రణ: చిత్రించనిది అతని మనసును, చిత్రించింది మన పరాకును. దోస్తొయెవ్‌స్కీకి, కారా మాస్టారికి పోలికేమిటని కొట్టిపారేయవచ్చు. ఒకరు లోపలి నుంచి చెబుతారు, ఒకరు మండపం మీంచి. ఇద్దరూ చివరికి మనల్ని పట్టుకునేది ఒకే తప్పు మీద.

మళ్లీ లిజవేత దగ్గరికి. రాస్కల్నికోవ్ చేసిన పని చెప్పుకోవడానికి సోన్యా అనే యువతి దగ్గరికి వెళ్లినప్పుడు, నోటితో చెప్పలేక, ఊహించమంటాడు. సోన్యాకు అర్థమైన క్షణంలో ఆమె ముఖం అతనికి లిజవేత ముఖంలా కనిపిస్తుంది. ఆమె కూడా అలాగే ఎడమ చెయ్యి ముందుకు చాపి వెనక్కి జరుగుతుంది. అంతకుముందు అదే సోన్యా అతనికి సువార్త చదివి వినిపించిన పుస్తకం తెచ్చి ఇచ్చింది లిజవేతే. ఇద్దరూ స్నేహితులు. ఒక్క పేజీలో చనిపోయిన మనిషిని రచయిత ఇలా చేతిగా, పుస్తకంగా, ముఖంగా తిప్పి తెస్తూనే ఉన్నాడు.

సంగతి తెలియగానే సోన్యా అతని ముందు మోకాళ్ల మీద పడి, నీకు నువ్వు ఏం చేసుకున్నావు అని విలపిస్తుంది. ఇంత దురదృష్టవంతుడు లోకంలో మరొకడు లేడంటుంది. అదే సంభాషణలో, నాలుగు దారుల కూడలికి వెళ్లి నేలను ముద్దుపెట్టుకుని, నేను హంతకుణ్ణి అని అందరికీ వినబడేలా చెప్పు అంటుంది. జాలి, శిక్ష ఒకే ఊపిరిలో. దీన్ని వేరే భాషవాళ్లు ఎలా విడమర్చుకుంటారో గానీ మనకు తేలిక. చేసిన పనీ ‘పాపం’, చేసినవాణ్ణి చూసి నాలుక చివర నుంచి వచ్చేదీ ‘పాపం’. వాడుతూ వాడుతూ ఆ మాట ఎంత వింతదో మరిచిపోయాం. రెండు అర్థాల్లో ఒకదాన్నే పట్టుకుంటే సోన్యా అర్థం కాదు. మా వకీలు మిత్రుడు మొదటి అర్థమే పట్టుకున్నాడు, ఎర్రగడ్డ మిత్రుడు రెండోదే.

పాత్రలను పట్టుకుని ఇలా పోరాడటం వృథా అనే విమర్శకులూ ఉన్నారు. 1904లో ఎ.సి. బ్రాడ్లీ షేక్‌స్పియర్ పాత్రలను పక్కింటి మనుషుల్లా విశ్లేషిస్తూ పుస్తకం రాశాడు. ఆ ధోరణిని ఎగతాళి చేస్తూ 1933లో ఎల్.సి. నైట్స్ ఒక వ్యాసానికి ‘లేడీ మాక్‌బెత్‌కు పిల్లలెందరు?’ అని పేరు పెట్టాడు. నాటకం కవిత్వం, మాటల అల్లిక. పేజీలో లేని పిల్లలను లెక్కపెట్టడం అవివేకం అని. ఆయన మాటకు నేను చాలావరకు తల వంచుతాను. పేజీలో ఉన్న శవాలనే సరిగ్గా లెక్కపెట్టలేనివాళ్లం, లేని పిల్లల జోలికి ఎందుకు?

సభ అయిపోయాక మూడు రోజులకు, ఆ రోజు ‘ఒకటి’ అని అందరికంటే ముందు చెప్పిన అమ్మాయి, మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి, రాత్రి పదకొండు దాటాక ఫోనులో ఒక్క లైను పంపింది: ‘సార్, లిజవేత కుట్టిన చొక్కా ఏమైంది?’

లేచి పుస్తకం తీశాను. ఎప్పుడో ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద బేరమాడి కొన్న ప్రతి, అట్ట ఊడింది. నస్తాస్యా చొక్కా మాట ఎత్తడానికి ఒక అధ్యాయం ముందే దొరికింది. రజుమీహిన్ కొత్త బట్టలు కొని తెస్తాడు. నీ రోగమంతా ఆ ఒంటి మీది చొక్కాలోనే ఉందేమో అని హాస్యమాడతాడు. రాస్కల్నికోవ్ వద్దంటాడు, చెయ్యి విదిలిస్తాడు. వినకుండా పట్టుకుని చొక్కా మార్పిస్తారు. విప్పిన చొక్కా లిజవేత బాగుచేసినదేనా అన్నది నవలలో ఎక్కడా లేదు. నైట్స్ ఉంటే నవ్వేవాడు. ఆ అమ్మాయికి ఏమని జవాబివ్వాలో తోచక, ఆ అధ్యాయం ఇంకోసారి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.